రెండు ఫైళ్లు, ఒకే జీర్ణనాళం: నా అనుభవం

చాలాకాలం పాటు మా ఇంటి బీరువాలో నా ఆరోగ్యానికి సంబంధించి రెండు ఫైళ్లు ఉండేవి. పచ్చ అట్ట ఫైలులో కడుపునొప్పికి, విరేచనాలకు రాసిన చీటీలు, ఎర్ర అట్ట ఫైలులో ఛాతీమంటకు రాసిన చీటీలు. ఏలూరులో ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు పచ్చది, విజయవాడలో మరొకరి దగ్గరికి వెళ్లినప్పుడు ఎర్రది సంచిలో పెట్టుకునేదాన్ని. ఇక్కడి సంగతి అక్కడ చెప్పాలని నాకు తోచలేదు, వారూ అడగలేదు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. నోటి దగ్గర మొదలై పెద్దపేగు చివరివరకు సాగే ఒకే జీర్ణనాళాన్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అయినా నా శరీరం విషయానికి వచ్చేసరికి ఛాతీ వేరు, పొట్ట వేరు అనే అనుకున్నాను. అలా అనుకోవడం వల్ల నాలుగేళ్లు పోయాయి కాబట్టి జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

పొట్ట బాధ 2015లో మొదలైంది. ఆ జూలైలో గోదావరి పుష్కరాలకు కుటుంబమంతా రాజమండ్రి వెళ్లి వచ్చాక నాకు జ్వరం, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. తాగిన నీళ్లో, దారిలో తిన్న తిండో చెప్పలేను. ఐదు రోజుల్లో జ్వరం తగ్గింది, విరేచనాలూ కట్టాయి. అయితే పేగులు మాత్రం మునుపటి తీరుకు తిరిగి రాలేదు. తెల్లవారి లేవగానే బొడ్డు కింద మెలిపెట్టినట్లు నొప్పి వచ్చేది, విరేచనం అయితే తగ్గేది, టిఫిన్ తినగానే మళ్లీ మొదలయ్యేది. బడికి బయలుదేరేలోపు మూడు నాలుగుసార్లు వెళ్లవలసి వచ్చేది. ఆ తరువాత మూడు రోజులపాటు అసలు విరేచనమే లేకుండా కడుపు ఉబ్బి ఉండేది. పేగుల ఇన్‌ఫెక్షన్ తగ్గినవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి ఇలాంటి బాధ మిగిలిపోతుందని చాలా తరువాత తెలిసింది. ఆ రోజుల్లో మాత్రం అది నా ఒక్కదాని దురదృష్టమనే అనుకున్నాను.

ఉపాధ్యాయినులకు ఈ జబ్బు ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవారికే అర్థమవుతుంది. ప్రార్థన గంట కొట్టిన తరువాత రెండు పీరియడ్లు వరుసగా ఉంటే మధ్యలో తరగతి వదిలి వెళ్లడానికి వీలుండదు, మా బడిలో ఆడవారికి పనికొచ్చే మరుగుదొడ్డి అప్పట్లో ఒక్కటే ఉండేది. అందుకని పొద్దున తినడమే మానేశాను. మధ్యాహ్నం ఆకలికి ఒక్కసారిగా ఎక్కువ తినడం, వెంటనే నొప్పి రావడం అలవాటైపోయింది. రక్తపరీక్ష, థైరాయిడ్, మలపరీక్ష, పొట్ట స్కానింగ్, చివరికి కొలనోస్కోపీ కూడా చేయించారు. అన్నీ నార్మల్ అని వచ్చాయి. "మీకేమీ లేదమ్మా, ఐబీఎస్, టెన్షన్ తగ్గించుకోండి" అని చెప్పి పేగుల మెలికనొప్పి తగ్గించే మెబెవెరిన్ మాత్రలు, ఇసబ్‌గోల్ రాసి పంపించారు.

ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, మామూలు పరీక్షల్లో ఏ లోపమూ కనబడకపోయినా కడుపునొప్పి, విరేచనాల్లో తేడాలు ఉండే పేగుల జబ్బు. అంతేగాని ఏమీ లేకపోవడం కాదు. దాన్ని గుర్తించడానికి ప్రపంచమంతటా వైద్యులు వాడే కొలమానాన్ని రోమ్ ప్రమాణాలు అంటారు, వాటిలో నాలుగో విడత 2016లో వచ్చింది. గత మూడు నెలలుగా సగటున వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి ఉండాలి, ఆ నొప్పికి విరేచనంతోనో, ఎన్నిసార్లు వెళుతున్నామన్నదానిలో మార్పుతోనో, మలం తీరులో మార్పుతోనో సంబంధం ఉండాలి, వీటిలో కనీసం రెండు కనబడాలి, బాధ మొదలై ఆరు నెలలైనా గడిచి ఉండాలి. ఇవన్నీ నాకు సరిగ్గా సరిపోయాయి. ఈ నాలుగు మాటలు ఎవరైనా ముందే కూర్చోబెట్టి చెప్పి ఉంటే, నా జబ్బుకు ఒక రూపం ఉందన్న నమ్మకం నాకు అప్పుడే కలిగేది.

ఛాతీమంట 2019 సంక్రాంతి సెలవుల్లో వచ్చింది. రాత్రి రెండు గంటలకు రొమ్ము ఎముక వెనుక నిప్పు పెట్టినట్లు మంట లేచి గొంతుదాకా పాకితే, మావారు భయపడి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఈసీజీ తీశారు, తరువాత ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించారు. గుండెలో ఏ లోపమూ లేదని తేలింది. ఈ వరుసలో ముందు గుండెను చూడటమే సరైన పద్ధతి. ఛాతీలో కొత్తగా మంటో నొప్పో వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దని మా బంధువులందరికీ ఇప్పటికీ చెబుతుంటాను.

గుండె కాదని తేలాక ఎండోస్కోపీ చేశారు. ఆహారవాహికలో పుండు గానీ, ఎరుపు గానీ లేదు. ఉదయం టిఫిన్‌కు అరగంట ముందు, కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోమన్నారు. రెండు నెలలైనా తగ్గకపోయేసరికి రాత్రికి మరొకటి చేర్చారు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకున్నాను, రాత్రి భోజనం ఏడు గంటలకే ముగించాను, కాఫీ మానేశాను. మంట తగ్గలేదు. ఈలోగా ఇంకో చిక్కు వచ్చింది. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ ఎక్కువ తాగిన రోజు పొట్ట ఉబ్బి ఛాతీలో మంట హెచ్చేది. ఛాతీ కోసం చల్లటి పాలు తాగిన రోజు పేగుల్లో గడబిడ మొదలయ్యేది. ఒకచోట మేలు చేసినది మరోచోట కీడు చేస్తూ ఉంటే దేనిని ఆపాలో, దేనిని ఉంచాలో తెలియక, నా బరువు తగ్గకపోయినా మనసు మాత్రం బాగా చితికిపోయింది.

2022 దసరా సెలవుల్లో మా తమ్ముడు పట్టుబట్టి హైదరాబాదు పిలిపించి ఒక జీర్ణకోశ వ్యాధి నిపుణుడికి చూపించాడు. నేను ఎర్ర ఫైలు ఒక్కటే పట్టుకువెళ్లాను. ఆయన దానిని రెండు నిమిషాల్లో తిరగేసి పక్కన పెట్టి, "విరేచనం సాఫీగా అవుతోందా అమ్మా?" అని అడిగారు. ఛాతీమంటకు వస్తే ఈ ప్రశ్న ఎందుకని ఒక క్షణం తెల్లబోయాను. ఆ తరువాత ఏడేళ్ల సంగతులన్నీ ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చాయి. ఆయన మధ్యలో ఎక్కడా ఆపలేదు. పచ్చ ఫైలు ఇంట్లో ఉందంటే, మావారికి ఫోన్ చేయించి కాగితాలన్నింటికీ ఫొటోలు తీయించి వాట్సాప్‌లో తెప్పించుకున్నారు. తమ్ముడి ఫోన్‌లో పచ్చ ఫైలు కాగితాలు, బల్లమీద ఎర్ర ఫైలు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడటం నేనూ అదే మొదటిసారి.

"ఐబీఎస్ ఉన్నవాళ్లలో ఛాతీమంట, పుల్లటి త్రేన్పులు మిగతావారికంటే చాలా ఎక్కువగా కనిపిస్తాయి, మీది అరుదైన సంగతేమీ కాదు" అన్నారాయన. ఎన్నో సర్వేలను కలిపి లెక్కించి 2012లో ప్రచురించిన ఒక విశ్లేషణలో ఆ తేడా సుమారు నాలుగు రెట్లని తేలింది. అయితే ఈ రెండూ కలిసి ఉన్నప్పుడు ఛాతీమంటకు కారణం నిజంగా ఆమ్లమేనా, లేక ఆహారవాహికలోని నరాలు అతిగా స్పందిస్తున్నాయా అన్నది కొలిచి చూస్తే తప్ప తేలదనీ, ఇన్నాళ్లూ కొలవకుండానే మందు వాడుతున్నాననీ ఆయన వివరించారు. పరీక్షకు వారం ముందు నుంచి పాంటోప్రజోల్ ఆపమన్నారు. ఆ వారం తమ్ముడి ఇంట్లో గడిచిన రాత్రులు తలచుకోవాలని కూడా ఉండదు.

మళ్లీ ఎండోస్కోపీ చేసి, ఈసారి ఆహారవాహిక గోడ నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. అలర్జీ వల్ల అక్కడ ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు పేరుకునే జబ్బు ఒకటి ఉంటుందట, అది కాదని తేల్చుకోవడానికి. మరునాడు మానోమెట్రీ, అంటే ఆహారవాహిక కండరాల ఒత్తిడిని కొలిచే పరీక్ష. ముక్కులో మత్తు జెల్లీ రాసి, 36 సెన్సార్లున్న సన్నటి గొట్టాన్ని ముక్కు నుంచి గొంతులోకి, అక్కడి నుంచి పొట్టదాకా దించారు. గొంతు దాటే చోట వాంతి వచ్చినట్లయి కళ్లు నీళ్లతో నిండాయి. పక్కనున్న సిస్టర్ "మింగండి మేడమ్, మింగుతూ ఉండండి, అదే దిగిపోతుంది" అంటూ నా భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ చెయ్యి లేకపోతే నేను గొట్టం లాగేసేదాన్నేమో. తరువాత పడుకోబెట్టి, ఐదేసి మిల్లీలీటర్ల నీళ్లు పదిసార్లు మింగించారు. మింగినప్పుడల్లా తెరమీద నీలి రంగులో నుంచి పసుపు, ఎరుపు చారలు పైనుంచి కిందికి ఏటవాలుగా జారాయి. పిల్లలకు నేను బల్లమీద బాణం గుర్తులతో చూపించే పెరిస్టాలిటిక్ చలనం అదే. నా ఆహారవాహిక సక్రమంగానే పనిచేస్తోందనీ, అది పొట్టను కలిసే చోట ఉండే కింది కవాటం బిగువు కూడా బాగానే ఉందనీ చెప్పారు.

ఆ తరువాతిది 24 గంటల పరీక్ష. దీనికి గొట్టం ఇంకా సన్నగా ఉంటుంది. కింది కవాటానికి ఐదు సెంటీమీటర్ల పైన పీహెచ్ (ఆమ్లత ఎంతుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువని అర్థం) కొలిచే బిందువు వచ్చేలా అమర్చి, ముక్కు దగ్గర, చెంప మీద ప్లాస్టర్ అంటించి, చెవి వెనుకగా తీగను దించి భుజానికి తగిలించుకునే చిన్న పెట్టెకు కలిపారు. ఆ గొట్టంలో వరుసగా లోహపు వలయాలు కూడా ఉంటాయి. వాటి మధ్య ద్రవం వస్తే విద్యుత్ నిరోధం తగ్గుతుంది, గాలి వస్తే పెరుగుతుంది. అందువల్ల పైకి వచ్చింది ఆమ్లమా, ఆమ్లం కాని ద్రవమా, ఒట్టి త్రేన్పా అన్నది కూడా తెలుస్తుంది. పెట్టె మీద మూడు బటన్లు, ఒకటి భోజనానికి, ఒకటి పడుకున్నప్పుడు, మూడోది మంట వచ్చినప్పుడు. రోజూ తినేదే తినమన్నారు కాబట్టి మా మరదలు అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర వడ్డించింది. ముద్ద మింగినప్పుడల్లా గొంతులో తీగ కదిలేది. మంట బటన్ ఆ రోజు 23 సార్లు నొక్కాను. నొక్కిన ప్రతిసారీ, ఇప్పుడైనా నా బాధకు సాక్ష్యం దొరుకుతుందనే అనుకున్నాను.

వచ్చిన ఫలితం వేరు. 24 గంటల్లో నా ఆహారవాహికలో పీహెచ్ 4 కంటే తక్కువగా ఉన్న సమయం 1.8 శాతం, అంటే సుమారు 26 నిమిషాలు. 4 శాతం కంటే తక్కువైతే మామూలు, 6 శాతం దాటితే జబ్బు ఖాయం. నేను బటన్ నొక్కిన 23 సార్లలో, అంతకు ముందు రెండు నిమిషాల్లోపు ఏదైనా పైకి ఎగదన్నింది రెండుసార్లే. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. "అంటే నాకు మంట లేదంటారా?" అని అడిగాను.

ఆయన నెమ్మదిగా చెప్పిన జవాబు నాకు దాదాపు మాట పొల్లుపోకుండా గుర్తుంది. "మంట ఉందమ్మా. ఆమ్లం లేదు. పెళ్లిపందిట్లో మైకు సౌండ్ మొత్తం పెంచేస్తే పక్కన ఎవరైనా కాగితం మడిచినా గరగరమని వినబడుతుంది చూడండి, మీ పేగు నుంచి మెదడుకు వెళ్లే నరాల్లో సౌండ్ అలా పెరిగి ఉంది. ఇతరులకు తెలియనివి మీకు తెలుస్తున్నాయి. అది కింద కడుపునొప్పిగా వస్తోంది, పైన మంటగా వస్తోంది." దీనిని ఫంక్షనల్ హార్ట్‌బర్న్ అంటారు. ఆమ్లం మామూలుగానే ఉన్నా అది పైకి వచ్చినప్పుడే సరిగ్గా మంట పుడితే దానికి రిఫ్లక్స్ హైపర్‌సెన్సిటివిటీ అని ఇంకో పేరు. గొంతులో ఉండ అడ్డుపడినట్లుండటం, కారణం దొరకని ఛాతీనొప్పి, అడ్డేమీ లేకపోయినా ముద్ద దిగనట్లుండటం కూడా ఈ కుటుంబంలోవే. రోమ్ నాలుగో విడతలో వీటన్నింటినీ, ఐబీఎస్‌తో సహా, పేగు–మెదడు సంబంధ రుగ్మతలనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు.

నాకు బోధించే అలవాటు ఉండటంవల్ల ఋజువు చూపించమన్నాను. ఆయన విసుక్కోలేదు. ఐబీఎస్ రోగుల పెద్దపేగు చివరి భాగంలో చిన్న బెలూన్ పెట్టి గాలి నింపితే, ఆరోగ్యవంతులకు నొప్పి తెలియని పరిమాణానికే వీరికి నొప్పి పుడుతుందని రిచీ అనే బ్రిటన్ వైద్యుడు 1973లోనే చూపించాడట. 1995లో వెలువడిన మరో అధ్యయనంలో అలాంటి బెలూన్‌ను ఆహారవాహికలో ఉంచి చూశారు. ఐబీఎస్ రోగులకు అక్కడ కూడా తొందరగానే తెలిసింది. జబ్బు పేగుల్లో ఉందన్నవారికి, పరీక్ష చేయగా ఛాతీలో కూడా అదే సున్నితత్వం కనిపించిందన్నమాట. ఈ ఒక్క సంగతి విన్న తరువాత నా రెండు ఫైళ్లు నా మనసులో ఒకటైపోయాయి.

ఇక మందుల సంగతి. రాత్రి పడుకునే ముందు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. మా ఊరి మందుల షాపులో చీటీ చూసి "ఇది డిప్రెషన్‌కు వాడేది కదా మేడమ్" అని గట్టిగా అనడంతో పక్కన నిలబడ్డ మా విద్యార్థి తల్లి నావైపు తిరిగి చూసింది. ఇంటికి వచ్చాక మా అత్తగారు కూడా కంగారుపడ్డారు. నిజానికి మనసు జబ్బుకు వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఇంత చిన్న మోతాదు పేగుల నుంచి మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను తగ్గించడానికే. ఆ మాట అత్తగారికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది. మరుసటి ఏడాది, 2023లో, బ్రిటన్‌లో 463 మంది ఐబీఎస్ రోగుల మీద ఇదే మందుతో ఆరు నెలలు జరిపిన అట్లాంటిస్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే ఇది వేసుకున్నవారికి బాగా గుణం కనబడిందని చదివి, అత్తగారికి మళ్లీ చెప్పాను.

మొదటి రెండు వారాలు పొద్దున లేవాలంటే తల బరువుగా ఉండేది, నోరు ఎండిపోయేది, మలబద్ధకం కొంచెం పెరిగింది. మాత్రను రాత్రి తొమ్మిదిన్నరకు బదులు ఎనిమిదింటికే వేసుకోమనడంతో మత్తు సర్దుకుంది. పాంటోప్రజోల్‌ను ఒక్కసారిగా కాకుండా నెలన్నరపాటు మెల్లగా తగ్గించి మాన్పించారు, ఎందుకంటే చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కడుపులో ఆమ్లం కొన్నాళ్లు మామూలుకంటే ఎక్కువగా ఊరుతుంది. పరీక్షకు ముందు వారం నేను అంత బాధపడటానికి బహుశా అదీ ఒక కారణం. ఐదో వారంలో ఒకరోజు బడి నుంచి వచ్చి బట్టలు మడతపెడుతుండగా, ఆ రోజు ఛాతీ సంగతి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదని తట్టింది. చేతిలో చీర అలాగే పట్టుకుని కాసేపు మంచం మీద కూర్చుండిపోయాను.

ఆహారం విషయంలో డైటీషియన్ సాయంతో ఆరు వారాలు తక్కువ ఫాడ్‌మ్యాప్ పద్ధతి పాటించాను. పేగుల్లో సరిగా ఇంకకుండా పులిసి గాలి పుట్టించే కొన్ని రకాల పిండిపదార్థాలను తగ్గించే ఈ పద్ధతిని ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అభివృద్ధి చేశారు. మన వంటింటికి ఇది చాలా కఠినమైన పరీక్ష. బియ్యానికి అడ్డులేదు, కానీ ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు, మామిడిపండు అన్నీ పక్కన పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లిలోని ఆ పదార్థం నీటిలో కరుగుతుంది గాని నూనెలో కరగదు. అందువల్ల తాలింపు నూనెలో వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి, తీసేసి, ఆ నూనెతోనే చారుకు పోపు పెట్టడం నేర్చుకున్నాను. వాసన ఉంటుంది, బాధ ఉండదు. ఈ పద్ధతి జీవితాంతం పాటించేది కాదు. ఆరు వారాల తరువాత ఒక్కొక్కటే తిరిగి చేర్చి చూసుకోవాలి. నాకు గోధుమ, పెరుగు పడ్డాయి. ఉల్లిపాయ, రెండు గరిటెలు మించిన కందిపప్పు పడవు.

ఆవకాయ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మిరపకాయలోని కాప్సైసిన్, వేడిని పసిగట్టే నరాల గ్రాహకాలనే తట్టిలేపుతుంది. అసలే సున్నితంగా ఉన్న నరాలకు అది నిజంగా నిప్పే. ఆమ్లం మామూలుగా ఉన్నవారికి కూడా కారం తింటే ఎందుకు మండుతుందో నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు కొత్తావకాయ పెట్టిన రోజున అన్నంలో నెయ్యి వేసి ఒక చిన్న ముక్క మాత్రం తింటాను.

ఊపిరి వ్యాయామం కూడా నేర్పారు. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టుకుని, పొట్ట మీది చెయ్యి మాత్రమే లేచేలా పది నిమిషాలు ఊపిరి తీసుకోవాలి. భోజనమయ్యాక ఇది చేస్తే నాకు త్రేన్పులు బాగా తగ్గాయి.

నా అనుభవం చదివి అందరి ఛాతీమంటా నరాల వల్లనే అని ఎవరూ అనుకోవద్దు. ఐబీఎస్ ఉన్నవారికి నిజమైన ఆమ్లపు జబ్బు కూడా ఉండవచ్చు, అలాంటివారికి ఆమ్లం తగ్గించే మాత్రే అవసరం. నాకు పాంటోప్రజోల్ అనవసరమని తేలింది కొలిచాకే. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ముద్ద మింగుడు పడకపోవడం, నిద్రలో లేపే విరేచనాలు, యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన బాధ, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలు చేయించుకోవాలి. రెండుచోట్ల వైద్యం చేయించుకుంటున్నవారు మాత్రం ఒక్కచోటికైనా రెండు ఫైళ్లూ పట్టుకుని వెళ్లండి.

ఇప్పుడు నాకు మంట నెలకు ఒకటి రెండుసార్లు వస్తుంది, ఎక్కువగా పరీక్షల రోజుల్లో. పొద్దున ఇడ్లీ తినే బడికి వెళుతున్నాను. పచ్చ, ఎర్ర ఫైళ్లలోని కాగితాలన్నీ తేదీల వరుసలో ఒకే అట్టలో కుట్టాను. ఈ వేసవిలో అమిట్రిప్టిలిన్ మెల్లగా మానే ప్రయత్నం చేద్దామని డాక్టరుగారు అన్నారు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ అయ్యేదాకా గడువు అడిగాను, సరేనన్నారు.